ముందు ఏది పాడవుతుందో చూసి కొనండి: స్టూడెంట్‌కి ల్యాప్‌టాప్ ఎంచుకునే పద్ధతి

"కాలేజీకి ల్యాప్‌టాప్ తీసుకోవాలి, ఏ మోడల్ బాగుంటుంది?" అని ఎవరైనా అడిగితే నేను మోడల్ పేరు చెప్పను. ఈ నెల బాగున్న మోడల్ వచ్చే నెలకి దొరక్కపోవచ్చు, దొరికినా అదే పేరు మీద లోపల వేరే స్క్రీన్, వేరే ర్యామ్ వేసి అమ్ముతుంటారు. చూసే పద్ధతి తెలిస్తే ఎక్కడ కొన్నా మీ అంతట మీరే తేల్చుకోవచ్చు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మా తమ్ముడికి కొన్న ల్యాప్‌టాప్ కాగితం మీద అదిరిపోయింది. మంచి ప్రాసెసర్, పెద్ద ఎస్ఎస్‌డీ, గ్రాఫిక్స్ కార్డు కూడా ఉంది. రెండో ఏడాది మధ్యలో ఒక రోజు మూత తెరుస్తుంటే టక్‌మని చప్పుడు, హింజ్ (మూతని కింది భాగానికి కలిపే కీలు) దగ్గర ప్లాస్టిక్ చీలిపోయింది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే అది ఫిజికల్ డ్యామేజ్, వారంటీలో రాదు అన్నారు. ప్రాసెసర్ మాత్రం ఈ రోజుకీ భేషుగ్గా ఉంది, ఏం లాభం. అప్పటి నుంచి నాకొక అలవాటు పడింది: ల్యాప్‌టాప్ చూడగానే ఇందులో ముందు ఏది పోతుంది, పోతే ఎంత తేలిగ్గా మార్చుకోవచ్చు అని ఆలోచిస్తాను. నా చుట్టుపక్కల పాడైన స్టూడెంట్ ల్యాప్‌టాప్‌లన్నీ హింజ్, బ్యాటరీ, ఛార్జింగ్ పిన్, కీబోర్డ్, ఫ్యాన్ వల్ల మూలపడ్డవే. ప్రాసెసర్ కాలిపోయిన కేసు నాకు ఒక్కటీ ఎదురుకాలేదు.

మొదటి అడుగు: కోర్సులో ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో కనుక్కోండి

షాపుకి వెళ్లే ముందు చేయాల్సిన పని ఇది. సీనియర్లని అడగండి, డిపార్ట్‌మెంట్‌లో అడగండి, నాలుగేళ్లలో వాడబోయే సాఫ్ట్‌వేర్ పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కోసారి ఈ లిస్టే సగం నిర్ణయం చేసేస్తుంది.

సివిల్, ఆర్కిటెక్చర్ వాళ్లకి రెవిట్, మెకానికల్ వాళ్లకి సాలిడ్‌వర్క్స్ లాంటివి విండోస్ మీదే నడుస్తాయి. ఆటోక్యాడ్‌కి మ్యాక్ వెర్షన్ ఉంది కానీ మిగతావాటి కోసం ఎలాగూ విండోస్ కావాలి, కాబట్టి ఆ కోర్సుల వాళ్లు మ్యాక్‌బుక్ మీద మనసు పడకపోవడమే మంచిది. కంప్యూటర్ సైన్స్ వాళ్లకి ఏదైనా నడుస్తుంది, ర్యామ్ మాత్రం గట్టిగా ఉండాలి, ఎందుకంటే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (స్క్రీన్ మీదే నడిచే నకిలీ ఫోన్) తెరిచి పక్కన బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు పెట్టుకుంటే 8 జీబీ ఎటూ చాలదు. మెడిసిన్, లా, కామర్స్, ఆర్ట్స్ వాళ్లు చదివేది, రాసేది ఎక్కువ, వాళ్లకి స్క్రీన్, కీబోర్డ్, బ్యాటరీ బాగుంటే చాలు. డిజైన్, వీడియో ఎడిటింగ్ వాళ్లకి రంగులు సరిగ్గా చూపించే స్క్రీన్ లేకపోతే మిగతావి ఎన్ని ఉన్నా దండగ.

పరీక్షల సాఫ్ట్‌వేర్ సంగతి కూడా అడగండి. ఆన్‌లైన్ పరీక్షల్లో స్క్రీన్‌ని లాక్ చేసే ప్రోగ్రామ్‌లు కొన్ని లైనక్స్ మీద, క్రోమ్‌బుక్ (విండోస్ బదులు గూగుల్ క్రోమ్ఓఎస్‌తో వచ్చే ల్యాప్‌టాప్) మీద నడవవు. ఇది పరీక్షకి ముందు రోజు తెలిస్తే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు.

క్రోమ్‌బుక్ గురించి రెండు ముక్కలు. నోట్స్, బ్రౌజర్, వీడియో క్లాసులకి చక్కగా పనికొస్తుంది, చౌక కూడా. 2021 నుంచి వచ్చిన వాటికి పదేళ్లు అప్‌డేట్లు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది. కాకపోతే ఆ పదేళ్లు లెక్కపెట్టేది ఆ ప్లాట్‌ఫామ్ (లోపలి చిప్, బోర్డుల రకం) విడుదలైన రోజు నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు. ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్ దాని మీద ఇన్‌స్టాల్ చేద్దామంటే కుదరదు.

స్నాప్‌డ్రాగన్ ఎక్స్ చిప్‌లతో 2024లో వచ్చిన విండోస్ ల్యాప్‌టాప్‌లు కూడా ఇప్పుడు బాగా కనిపిస్తున్నాయి. బ్యాటరీ బ్రహ్మాండంగా వస్తుంది. కానీ అది ఫోన్లలో ఉండే ఆర్మ్ రకం చిప్, ఇంటెల్, ఏఎండీల రకం కాదు, మామూలు విండోస్ ప్రోగ్రామ్‌లని అనువదించుకుంటూ నడుపుతుంది, వాటిలో చాలావరకు నడుస్తాయి. డ్రైవర్ల (బయటి పరికరాలని నడిపించే చిన్న ప్రోగ్రామ్‌ల) దగ్గర మాత్రం ఈ అనువాదం పనిచేయదు, ఆర్మ్‌కి విడిగా రాసిన డ్రైవర్ ఉండాల్సిందే. ల్యాబ్‌లో బోర్డులు, పాత పరికరాలు కనెక్ట్ చేసే కోర్సు అయితే అడిగి కనుక్కోకుండా తీసుకోవద్దు.

రెండో అడుగు: ర్యామ్, స్టోరేజ్

ఇక్కడ పెద్దగా ఆలోచించడానికి లేదు. ర్యామ్ 16 జీబీ పెట్టుకోండి. బడ్జెట్ అసలు కుదరకపోతే 8 జీబీ తీసుకోండి, కానీ ఖాళీ స్లాట్ ఉన్న మోడలే తీసుకోండి. సన్నగా ఉండే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్‌ని మదర్‌బోర్డ్‌కే అతికించేస్తారు, తర్వాత పెంచుకుందాం అంటే దారి ఉండదు. వివరాల్లో ఎల్‌పీడీడీఆర్5 అని ఉంటే దాదాపు అతికించినదే అనుకోండి. ఉత్త డీడీఆర్4 లేదా డీడీఆర్5 అని ఉంటే స్లాట్ ఉండే అవకాశం ఎక్కువ, అయినా అడగాల్సిందే. స్లాట్లు రెండుంటే ఒక్క 16 కంటే రెండు 8లు వేసినది నయం, గ్రాఫిక్స్ కార్డు విడిగా లేని ల్యాప్‌టాప్‌లు స్క్రీన్ పనికి కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటాయి కాబట్టి రెండు దారులు తెరిచి ఉంటే వేగం తెలుస్తుంది.

మ్యాక్‌బుక్‌లో ర్యామ్ ఎప్పటికీ పెంచలేరు. 2024 అక్టోబర్ నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్ కనీసం 16 జీబీతోనే మొదలవుతోంది, అంతకుముందు అమ్ముడైన 8 జీబీవి ఇంకా సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతున్నాయి, చూసుకోండి.

స్టోరేజ్ (ఫైళ్లు దాచుకునే చోటు) అంటే ఎన్‌వీఎంఈ అనే వేగమైన రకం ఎస్ఎస్‌డీ, 512 జీబీ. (ఆన్ చేశాక విండోస్ 476 అని చూపిస్తే కంగారు పడొద్దు, మోసం ఏమీ జరగలేదు, లెక్కపెట్టే పద్ధతి వేరు.) చౌక మోడళ్లలో ఈఎంఎంసీ అని 64 జీబీ, 128 జీబీ వస్తుంది. అది బోర్డుకి అతికించి ఉంటుంది, నెమ్మది, నిండిపోతే అంతే సంగతులు. ఆ మాట కనిపిస్తే పక్కన పెట్టేయండి.

మూడో అడుగు: ప్రాసెసర్ పేరు చదవడం

అమ్మేవాళ్లు "ఐ5 అండీ", "రైజెన్ 5 అండీ" అంటారు. ఆ మాటకి అర్థం దాదాపు ఏమీ లేదు. పూర్తి నంబర్ అడగండి.

ఇంటెల్‌లో ఐ5-1335యూ అనుకోండి. మొదటి రెండంకెలు 13 అంటే పదమూడో తరం. చివర యూ అంటే తక్కువ కరెంటు తాగేది, 15 వాట్ల చుట్టూ, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, వేడి తక్కువ. హెచ్ అని ఉంటే బలం ఎక్కువ, వేడీ ఎక్కువే, ఫ్యాన్ చప్పుడు క్లాసులో వెనక బెంచీకి కూడా వినిపిస్తుంది. 2023 డిసెంబర్ నుంచి ఇంటెల్ పేర్లు మార్చి ఐ తీసేసి కోర్ అల్ట్రా అని మొదలుపెట్టింది. ఇక్కడొక చిక్కుంది: కోర్ అల్ట్రా 5 125యూ వేరు, అల్ట్రా అనే మాట లేని కోర్ 5 120యూ వేరు. రెండోది కొత్త పేరు తగిలించుకున్న పాత డిజైన్. అదేం చెత్త చిప్ కాదు, కానీ కొత్తదాని ధర పెట్టి కొనకూడదు.

ఏఎండీ చేసిన తిరకాసు ఇంకా పెద్దది. 2023 మోడళ్ల కోసం వచ్చిన 7000 నంబర్లలో మూడో అంకె చూడాలి. రైజెన్ 5 7520యూలో మూడో అంకె 2, అంటే 2019లో మొదలైన జెన్ 2 డిజైన్, నాలుగే కోర్లు (ఒకేసారి పనిచేసే భాగాలు). రైజెన్ 5 7530యూలో మూడో అంకె 3, అంటే జెన్ 3, ఆరు కోర్లు. పేర్లలో తేడా ఒకే ఒక్క అంకె, పక్కపక్కనే పెట్టి అమ్ముతారు, వాడితే మాత్రం తేడా బాగా తెలుస్తుంది. మూడో అంకె 4 ఉంటే జెన్ 4, ఇంకా మంచిది.

ఇంటెల్ ఎన్100 లాంటివి నోట్స్‌కీ సినిమాలకీ సరిపోతాయి, నాలుగేళ్ల డిగ్రీ మొత్తం దాని మీద లాగాలంటే కష్టం. ఇక ఐ7, రైజెన్ 7 అవసరమా అంటే చాలామందికి అవసరం లేదు. ఆ పైన పెట్టే డబ్బు ర్యామ్ మీదో, వారంటీ మీదో పెడితే ఎక్కువ కాలం సుఖపడతారు.

నాలుగో అడుగు: గ్రాఫిక్స్ కార్డు నిజంగా కావాలా

గేమ్‌లు ఆడతానంటే ఆ ముక్క ఇంట్లో సూటిగా చెప్పేయండి, "కోర్సుకి కావాలి నాన్నా" అనకండి. త్రీడీ మోడలింగ్, వీడియో ఎడిటింగ్ ఉంటే నిజంగానే కావాలి. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునేవాళ్లకి ఎన్‌విడియా కార్డు ఉంటే సులువు, లేకపోయినా మొదటి రెండేళ్లు గూగుల్ కోల్యాబ్‌తో (బ్రౌజర్‌లోనే గూగుల్ కంప్యూటర్ల మీద కోడ్ నడిపే సదుపాయం) లాగించేయొచ్చు.

కొంటే పేరొక్కటే చూడొద్దు, వాట్లు చూడండి. ఆర్‌టీఎక్స్ 4060 అనే పేరు మీద 35 వాట్లది ఉంది, 115 వాట్లదీ ఉంది. అదనంగా వచ్చే బరువు, పెద్ద ఛార్జర్, తగ్గే బ్యాటరీ, ఇవన్నీ నాలుగేళ్లు వీపు మీద మోయాల్సినవి. ఈ ఒక్క కార్డు లేకపోతే అదే డబ్బుకి చాలా గట్టి ల్యాప్‌టాప్ వస్తుంది.

ఐదో అడుగు: స్క్రీన్

రోజూ గంటల తరబడి చూసేది దీన్నే. ఐపీఎస్ లేదా ఓఎల్ఈడీ రకం స్క్రీన్ ఉండాలి, కనీసం 1920x1080. నిలువు కొంచెం ఎక్కువుండే 1920x1200 దొరికితే చదువుకి ఇంకా హాయి, పేజీలో నాలుగు లైన్లు ఎక్కువ కనిపిస్తాయి. వెలుతురు 300 నిట్స్ (స్క్రీన్ వెలుగుని కొలిచే కొలత) ఉంటే కిటికీ పక్కన కూర్చున్నా ఇబ్బంది ఉండదు, 250 అయితే గదిలో పర్వాలేదు. రంగుల దగ్గర 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (ఎన్ని రంగులు చూపగలదో చెప్పే ఒక కొలత, ఎస్ఆర్‌జీబీ ఇంకొకటి) అని రాసి ఉంటే పాలిపోయిన స్క్రీన్ అని అర్థం. చదువుకోడానికి సరిపోతుంది, డిజైన్ వాళ్లకి మాత్రం 100 శాతం ఎస్ఆర్‌జీబీ ఉన్నదే కావాలి. రోజూ బ్యాగులో మోసేవాళ్లకి 14 అంగుళాలు, హాస్టల్ టేబుల్ మీదే ఉంచేవాళ్లకి 15.6.

ఆరో అడుగు: చేత్తో పట్టుకుని చూడండి

అసలు కథ ఇక్కడుంది. ఆన్‌లైన్‌లో కొన్నా సరే, ఒకసారి ఆ మోడల్‌ని ఎక్కడైనా ముట్టుకుని చూసి తర్వాత ఆర్డర్ పెట్టండి.

ముందు హింజ్. చాలా ల్యాప్‌టాప్‌లలో హింజ్ ఇనుముదే, కానీ అది బిగించి ఉండేది ప్లాస్టిక్ గుబ్బల్లోకి దించిన చిన్న ఇత్తడి నట్లకి. మూత తెరిచిన ప్రతిసారీ ఆ బలమంతా ఆ ప్లాస్టిక్ మీద పడుతుంది, కొన్నాళ్లకి హింజ్ జిడ్డు ఎండి బిగుసుకుంటే ప్లాస్టిక్ చీలిపోతుంది. మా తమ్ముడిదానికి అయ్యింది ఇదే. కాబట్టి మూతని ఒక మూల పట్టుకుని తెరవండి. స్క్రీన్ మెలితిరిగినట్టు వంగినా, అంచు దగ్గర కిర్రుమన్నా, కింద భాగం మూతతో పాటే లేచినా మంచి సూచన కాదు. రెండు వైపులా ఒకే బిగువుతో మెత్తగా తెరుచుకోవాలి. కొన్నాక మీరు కూడా మూల పట్టుకుని లాగకండి, మధ్యలో పట్టుకుని తెరవండి, ఈ ఒక్క అలవాటుతో హింజ్ ఆయుష్షు పెరుగుతుంది.

తర్వాత కీబోర్డ్ మధ్యలో వేలితో నొక్కండి. పరుపులా లోపలికి దిగితే పలచన. ఒక పేరా టైప్ చేసి చూడండి, షాపువాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. నాలుగేళ్ల అసైన్‌మెంట్లు కొట్టేది మీరు.

గాలి ఎటు పోతుందో చూడండి. కింద నుంచి పీల్చి వెనక నుంచో పక్క నుంచో వదలాలి. వేడి గాలి నేరుగా స్క్రీన్ అడుగు మీదికి వచ్చే డిజైన్లు నాకంత నచ్చవు. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అందుకే ఒకే చిప్ ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు పది నిమిషాల తర్వాత ఒకేలా పరిగెత్తవు.

మిలిటరీ గ్రేడ్ అని స్టిక్కర్ ఉంటే దాని వెనక ఉన్నది మిల్-ఎస్‌టీడీ-810హెచ్ అనే అమెరికా రక్షణ శాఖ పరీక్షల పద్ధతి. ఏ పరీక్షలు పెట్టాలో కంపెనీయే ఎంచుకుంటుంది, పాసైందనీ కంపెనీయే చెప్పుకుంటుంది. ఉంటే మంచిదే, దాన్ని నమ్ముకుని మంచం మీద నుంచి పడేసి మాత్రం చూడకండి.

పోర్టులు కూడా లెక్కపెట్టండి. ప్రెజెంటేషన్ రోజు ప్రొజెక్టర్‌కి హెచ్‌డీఎంఐ కావాలి, పెన్‌డ్రైవ్‌కి పాత యూఎస్‌బీ కావాలి.

ఏడో అడుగు: బ్యాటరీ, ఛార్జర్

"పది గంటలు వస్తుంది" అనే మాట వదిలేసి వాట్ అవర్స్ (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) చూడండి. లెక్క చాలా సులువు. 50 వాట్ అవర్ల బ్యాటరీ ఉంది, నోట్స్ రాసుకుంటుంటే ల్యాప్‌టాప్ 8 వాట్లు లాగుతోంది అనుకుంటే ఆరు గంటల పైచిలుకు. వీడియో కాల్‌తో, ఫుల్ వెలుతురుతో 15 వాట్లు లాగితే మూడు గంటల చిల్లర. కాబట్టి 40 లోపు ఉన్నవి క్లాసుల మధ్య ప్లగ్ వెతుక్కునే రకం, 55 దాటితే నిశ్చింత.

ఏ లిథియం బ్యాటరీ అయినా రెండు మూడేళ్లకి నీరసపడుతుంది, అది దాని స్వభావం. అడగాల్సిన ప్రశ్న ఏంటంటే, స్క్రూలు విప్పి మార్చుకునేలా ఉందా, జిగురుతో అతికించారా. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచేవాళ్లు సెట్టింగ్స్‌లో ఛార్జ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోండి, చాలా కంపెనీలు ఈ సదుపాయం ఇస్తున్నాయి.

ఛార్జర్ యూఎస్‌బీ సీ ది అయితే నేను కళ్లు మూసుకుని దానికే ఓటేస్తాను. ఛార్జర్ హాస్టల్‌లో మర్చిపోతే ఫ్రెండ్‌ది తెచ్చి పెట్టుకోవచ్చు, పోయినా 65 వాట్ల పీడీ (పవర్ డెలివరీ) ఛార్జర్ ఎక్కడైనా దొరుకుతుంది. గుండ్రటి పిన్ అయితే ఆ కంపెనీది, ఆ సైజుదే వెతకాలి. అయితే యూఎస్‌బీ సీ పోర్టు కనిపించగానే ఛార్జింగ్ అవుతుందనుకోవద్దు, కొన్నింటిలో అది ఫైళ్లు పంపుకోడానికే. వివరాల్లో పవర్ డెలివరీ అనే మాట ఉందో లేదో చూడండి.

ఎనిమిదో అడుగు: పాడైతే ఎవరు బాగుచేస్తారు

మీకు నచ్చిన మోడల్ పేరు వెనక సర్వీస్ మాన్యువల్ అని తగిలించి వెతకండి. డెల్, హెచ్‌పీ, లెనోవో తమ బిజినెస్ రకాలకి ఏ స్క్రూ ఎక్కడుందో బొమ్మలతో సహా మాన్యువల్స్ పెడతాయి. అది దొరికిందంటే వీధి చివర మెకానిక్ కూడా విప్పగలడు. తర్వాత అదే మోడల్‌కి బ్యాటరీ, కీబోర్డ్, హింజ్ విడిగా అమ్ముతున్నారో లేదో చూడండి.

వారంటీలో అడగాల్సినవి: ఎన్నేళ్లు, మనిషి మన దగ్గరికి వస్తాడా మనం మోసుకెళ్లాలా, బ్యాటరీకీ అంతేనా లేక ఏడాదేనా, కింద పడితే, నీళ్లు పడితే వర్తిస్తుందా. నీళ్లు పడే ప్రమాదం స్టూడెంట్‌కి ఉన్నంత ఇంకెవరికీ ఉండదు కాబట్టి, ధర మరీ ఎక్కువ కాకపోతే ఆ ప్రమాద కవర్ తీసుకోవడం నా లెక్కలో దండగ కాదు.

సెకండ్ హ్యాండ్ అయితే

నిజం చెప్పాలంటే బడ్జెట్ తక్కువైనప్పుడు కొత్త చౌక ల్యాప్‌టాప్ కంటే, ఆఫీసుల్లో వాడి తీసేసిన లెనోవో థింక్‌ప్యాడ్ టీ సిరీస్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్ లాంటివే నాకు నమ్మకం. వాటి హింజ్‌లు, కీబోర్డులు వేరే జాతి. కానీ కొన్ని చూసుకోవాలి.

విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి విండోస్ 11 అధికారికంగా పట్టేదే కావాలి, అంటే ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ పైది, టీపీఎం 2.0 (భద్రత కోసం లోపల ఉండే చిప్) తప్పనిసరి. బయాస్ (విండోస్ కంటే ముందే తెరుచుకునే ల్యాప్‌టాప్ సొంత సెట్టింగ్స్) తెరిచి చూడండి, పాస్‌వర్డ్ అడిగితే వదిలేసి రండి. పాత ఆఫీసు పెట్టిన లాక్ ఇంకా ఉందేమో తెలియాలంటే అమ్మేవాడి ఎదురుగానే విండోస్ రీసెట్ చేయించి, నెట్ కనెక్ట్ చేసి మొదలుపెట్టండి, ఏదో సంస్థ లాగిన్ అడిగితే అది మీది ఎప్పటికీ కాదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఎస్ఎస్‌డీ ఆరోగ్యం, ఎన్ని గంటలు నడిచిందో కనిపిస్తాయి. విండోస్‌లోనే ఉండే బ్యాటరీ రిపోర్ట్ తీస్తే కొత్తలో సామర్థ్యం ఎంత, ఇప్పుడు ఎంత అని పక్కపక్కనే చూపిస్తుంది. 70 శాతం లోపుంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.

కొన్న మొదటి వారం

ఇది చాలామంది వదిలేసే భాగం. బాక్స్, లోపలి ఫోమ్, బిల్లు, ఏదీ పారేయొద్దు. సీరియల్ నంబర్‌ని కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఏ తేదీ నుంచి మొదలైందో చూడండి, మీరు కొన్న తేదీకీ దానికీ తేడా ఉంటే బిల్లు చూపించి అప్పుడే సరిచేయించుకోండి. టాస్క్ మేనేజర్‌లో ర్యామ్, ప్రాసెసర్ పూర్తి నంబర్ మీకు చెప్పినదేనా అని సరిపోల్చండి. తెల్ల, నల్ల బొమ్మలు స్క్రీన్ నిండా పెట్టి పనిచేయని చుక్కలు వెతకండి. ప్రతి మీట, ప్రతి పోర్టు, కెమెరా, మైకు ఒకసారి వాడండి.

తర్వాత దాన్ని కష్టపెట్టండి. అప్‌డేట్లన్నీ ఒకేసారి వేయండి, ఒక గంట బరువైన పని పెట్టి ఫ్యాన్ చప్పుడు, వేడి చూడండి. ఒక రోజంతా ఛార్జర్ లేకుండా మీ మామూలు పనే చేసి ఎన్ని గంటలు వచ్చిందో రాసుకోండి.

ఆఖరి పరీక్ష రాత్రిది. ఛార్జ్ ఎంతుందో చూసుకుని, మూత మూసి, బ్యాగులో పెట్టకుండా టేబుల్ మీదే ఉంచి పడుకోండి. పొద్దున్నే ముట్టుకుంటే చల్లగా ఉండి, నాలుగైదు శాతం తగ్గితే సరే. వేడిగా ఉండి సగం ఖాళీ అయితే అది నిద్రపోలేదన్నమాట. అప్‌డేట్ వేసి మర్నాడు రాత్రి మళ్లీ చూడండి, మారకపోతే రిటర్న్ గడువు దాటకముందే అదే బాక్స్‌లో పెట్టి వెనక్కి పంపేయండి.